కాళ్ల కింది తాడు

నన్ను చూడాలంటే మెడ బాగా పైకెత్తాలి. భారత నౌకాదళం వారి తరంగిణి ఓడకు ముందు స్తంభం మీద అడ్డంగా దూలాలుంటాయి. చదరపు తెరచాపలు వేలాడేది వాటికే. ఆ దూలాల్లో ఒకదాని కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా ఊగుతూ ఉంటాను. ఓడ పని నేర్చుకునే కుర్రాళ్లు నామీద నిలబడి తెరచాప విప్పుతారు, చుట్టి కడతారు. అంతే నా ఉద్యోగం. వాళ్ల మొహాలు నాకు తెలియవు. పాదాలు తెలుసు.

ఓడ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, దాని గొప్పలు చెప్పేవాళ్లకు కొదవ లేదు కనుక. గీసింది కాలిన్ ముడీ అనే బ్రిటిష్ ఆయన, కట్టింది గోవా షిప్‌యార్డులో. 54 మీటర్ల పొడవు, మూడు స్తంభాలు. 1997 నవంబరు 11న నౌకాదళంలో చేరింది. కాపురం కొచ్చిలో. 2003-04లో భూమి చుట్టూ తిరిగొచ్చింది. మన నౌకాదళంలో ఆ పని చేసిన మొదటి ఓడ ఇదే. ఆ యాత్రలో నేను లేను. ఇదే చోట నాకు ముందు వేలాడిన తాడెవరో వెళ్లొచ్చింది. ఎండకీ ఉప్పుకీ అరిగిపోతే కోసి పక్కన పడేసి కొత్తది కడతారు. తాళ్లకు వంశవృక్షాలుండవు. తరంగిణి అంటే తెలుగువాళ్లకు తరంగాలనే పాటలు కట్టిన నారాయణతీర్థులవారు గుర్తొస్తారేమో. ఇక్కడ అంత దూరం పోనక్కర్లేదు. తరంగం అంటే అల, అంతే.

ఎళిమల నౌకాదళ అకాడమీలో చదువు ముగించిన కుర్రాళ్లు కొచ్చికి వస్తారు. మొదటిరోజు అందరూ కింద నిలబడి పైకి చూస్తారు. ఆ చూపు నాకు అలవాటే. తాళ్ల నిచ్చెన పట్టుకుని, గాలి వచ్చే వైపు నుంచే ఎక్కమంటారు. అటునుంచి ఎక్కితే గాలి మనిషిని నిచ్చెనకేసి అదుముతుంది. రెండోవైపు నుంచి ఎక్కితే ఊడబెరుకుతుంది. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే సగం భయం పోతుంది. మిగతా సగం నా దగ్గరికొచ్చాక మొదలవుతుంది.

నిచ్చెన వదిలి నామీద కాలు పెట్టాలి. పెట్టేముందు గట్టిగా అరిచి చెప్పాలి. ఎందుకంటే నేను బల్లని కాను, తాడుని. ఒకడు కాలు మోపితే అక్కడ కిందికి దిగుతాను, అప్పటికే పక్కన నిలబడ్డవాడి కాళ్ల కింద చివ్వున పైకి లేస్తాను. వాడు రెండు చేతులా కాన్వాసు పట్టుకుని, పొట్ట దూలానికి ఆనించి, కాళ్లు వెనక్కి తన్నిపెట్టి ఉంటాడు. చెప్పకుండా ఎక్కితే వాడి ప్రాణం గొంతులోకొస్తుంది. నడుముకి కొక్కెం తగిలించే ఉంటుంది, పడిపోడు. అయినా మోకాళ్లకు ఆ మాట ఎవరు చెబుతారు?

ఒకసారి ఒకడొచ్చాడు. కాలు పెట్టాడు, అరవలేదు. గొంతు పెగల్లేదు పాపం. బూటు మడమ నామీద టకటకా కొట్టుకుంటోంది, కుట్టుమిషను సూదిలాగ. పక్కనున్నవాడు తిట్టలేదు. తనే కాస్త జరిగి, ఆ వణుకు తగ్గేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఆ మడమ కుదుటపడ్డ క్షణం నాకు తెలిసింది, వాడికంటే ముందే. పది రోజుల తర్వాత అదే పాదం వచ్చింది. ఈసారి అరుపు ఎంత గట్టిగా ఉందంటే, కింద డెక్కు మీదున్న పాత నావికుడు తలెత్తి నవ్వాడట.

తెరచాప చుట్టి కట్టే ముడుల సంగతి వేరే. కుడి కొస ఎడమ మీదుగా, తర్వాత ఎడమ కొస కుడి మీదుగా వేయాలి. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే చూడ్డానికి ముడిలాగే ఉంటుంది, లాగితే జారిపోతుంది. ఒక రాత్రి అలాంటి దొంగముడి ఒకటి విడిపోయి, తెరచాప మూల తెల్లారేదాకా టపటపా కొట్టుకుంది. పొద్దున్నే ఆ ముడి వేసినవాణ్ణే మళ్లీ పైకి పంపారు. తడిసిన కాన్వాసు ఎంత బరువో వాడిప్పుడు ఎవరికైనా చెప్పగలడు.

ఈ రోజుల్లో తెరచాపలేమిటని అడిగేవాళ్లున్నారు. మా ఓడకీ ఇంజను ఉంది. అది ఎదురుగాలిలోకి నేరుగా పోతుంది. చదరపు తెరచాపలు పోలేవు. అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ, గాలిని బతిమాలుకుంటూ పోవాలి. బతిమాలడం మీట నొక్కితే వచ్చే విద్య కాదని నా అభిప్రాయం. తాడు అభిప్రాయం ఎవరడిగారంటే చెప్పలేను.

నౌకాదళంలోనే మాకన్నా చాలా చిన్న తెరచాప పడవ ఒకటుంది, తారిణి అని. దానికి ఒకటే స్తంభం, అడ్డదూలాలు లేవు, నాలాంటి తాడూ లేదు. ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరులో గోవాలో దాన్నెక్కి ప్రపంచం చుట్టి, 254 రోజులకు తిరిగొచ్చారు. వారిలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. తెలుగువాళ్లకు తెరచాప కొత్తేమీ కాదులెండి. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ ఉంది. ఆ బొమ్మలో కాళ్ల కింది తాడు మాత్రం కనబడదు. మా జాతి ఎప్పుడూ లెక్కలోకి రాదు.

ఈమధ్య నడుమ దగ్గర నా పోగులు లేస్తున్నాయి. మొన్న ఒక చెయ్యి అక్కడ తడిమి చూసి వెళ్లింది. మరమ్మతులకు ఓడ ఆగినప్పుడు నన్ను విప్పేస్తారు. కొత్త తాడు మొదట్లో బాగా సాగుతుంది. దానిమీద మొదట కాలు పెట్టేవాళ్లు ఇంకాస్త గట్టిగా అరిచి మరీ ఎక్కండి.