పిక్క చెప్పినట్టు వినాలి

మా ఇంట్లో నాకంటే నా ఎడమకాలికే మర్యాద ఎక్కువ. నా మాట ఒక్కటీ వినని మా ఆవిడ, ఆ కాలి గురించి డాక్టరుగారు చెప్పినవన్నీ పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుంది. నాకు పనికొచ్చే ముక్క తప్ప.

పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో కిరాణాకొట్టు మాది. రేవుకి వేటపడవలు వచ్చే వేళ నుంచి షట్టరు దించేదాకా తూకాలూ, చిల్లర లెక్కలూ, శ్రీకాకుళం కబుర్లూ అన్నీ నిలువుకాళ్ల మీదే. పిక్క మీద నరాలు ఉబ్బి నీలంగా తేలితే, లుంగీ నాలుగు వేళ్లు కిందకి దించి కట్టడమే నేను చేసుకున్న వైద్యం. ఓ రాత్రి పిక్క పట్టేసి నేను పెట్టిన కేకకి వీధి లేచింది. మర్నాడు ఆసుపత్రి.

డాప్లర్ స్కాన్ చూసి డాక్టరుగారు విడమరిచారు. కాళ్లలోని రక్తం గుండెకి ఎదురెక్కాలి. పైకి తోసేది పిక్క కండరం; అది బాగా పనిచేసేది నడిచినప్పుడే. తోసిన రక్తం వెనక్కి జారకుండా సిరల్లో కవాటాలుంటాయి. అవి పాడైతే రక్తం కిందే నిలిచి, చర్మం కింది సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. వంశం, వయసు, బరువు, కాన్పులు, నిలబడి చేసే పని, అన్నీ దీనికి తోడవుతాయి.

"పడుకున్నప్పుడు కాళ్లు గుండెకంటే ఎత్తులో పెట్టుకోండి" అన్నారు. పెళ్లైన నాటి నుంచి నేను వెతుకుతున్న వాక్యం అదే! ఇంటికి రాగానే మూడు దిళ్ల మీద కాళ్లు చాపి, "టీ" అన్నాను.

"నడవమని కూడా అన్నారండీ. చేపలు తెండి."

ధమనుల్లో అడ్డంకి లేదని చూశాక బిగుతు మేజోళ్లు ఇచ్చారు. వాపు రాకముందే, మంచం దిగకుండా తొడగాలి. ఈ సముద్రపు ఉక్కలో చెమటకాలికి ఆ మేజోడు ఎక్కదు. నేను మంచంకోడు పట్టుకుంటాను, ఆవిడ లాగుతుంది.

"ఏటే అమ్మా, పొద్దున్నే కొట్లాట?" అంది పక్కింటి పిన్ని.

"కొట్లాట కాదు పిన్నీ, మేజోడు."

మేజోడు వాపుని ఆపుతుందే గానీ కవాటాన్ని బాగుచెయ్యదని మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరుగారు చెప్పారు. పూర్వం సిరని కోసి లాగేసేవారు. ఇప్పుడు సూది రంధ్రంలోంచి సన్నటి గొట్టం పంపి, లేజర్‌తోనో రేడియో తరంగాలతోనో వేడిచేసి మూసేస్తారు. బ్రిటన్ మార్గదర్శకాలు 2013 నుంచి ముందు ఈ వేడి పద్ధతినే సూచిస్తున్నాయి. కుదరకపోతే నురగ ఇంజక్షను, అదీ కుదరకపోతేనే కోత.

"మూసేస్తే రక్తం ఎటు పోతుందండీ?" అన్నాను.

"లోపలి సిరలు మోస్తాయి."

"మా ఇల్లూ అంతే డాక్టరుగారూ. ఒకరు మూసుకుని పడుకుంటే ఇంకొకరు మోస్తారు" అంది మా ఆవిడ, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ.

డాక్టరుగారి చూపు అక్కడే ఆగింది. చీర అంచు కాస్త ఎత్తమన్నారు. ఇద్దరు పిల్లల కాన్పులు, పొయ్యి దగ్గర నిలువుకాళ్లు. చీలమండ లోపలివైపు చర్మం నల్లబడింది. అది పుండు పడడానికి ముందొచ్చే హెచ్చరికట. నావి నరాలు తేలడం దగ్గరే ఆగాయి. కేకలు పెట్టింది మాత్రం నేను.

లేజర్ ముందు ఆవిడకే చేశారు. అదే రోజు నుంచి నడవమన్నారు, కొన్నాళ్లు బరువులు మాత్రం ఎత్తొద్దన్నారు. పోర్ట్‌బ్లెయిర్ 2024లో శ్రీవిజయపురం అయింది గానీ, ఊళ్లో మిట్టలు తగ్గలేదు. చేతులూపుకుంటూ ముందు ఆవిడ, చేపల సంచీతో రొప్పుతూ వెనక నేను.

"ఆగకండి, పిక్క పనిచెయ్యాలి!"