నలభై కోళ్లను నాలుగు వేలు చేయడం ఎలా?

నూజివీడు పక్కన నాలుగెకరాల మామిడితోటలో నలభై నాటుకోళ్లతో మొదలుపెట్టి, నాలుగు వేల దాకా పోయి, ప్రస్తుతం పదకొండు దగ్గర స్థిరపడినవాణ్ణి నేను. ఈ మూడు అంకెల్లో మధ్యదాన్ని చూసి చాలామంది సలహాలకొస్తుంటారు. చివరిదాని సంగతి వాళ్లడగరు, నేనూ చెప్పను. ఎరువుల కొట్టు గడప తొక్కకుండా, కోళ్లతోనే నేలను బాగుచేసుకుంటూ, పనిలో పనిగా నాలుగు డబ్బులు వెనకేసుకుందామనుకునే వాళ్లందరి కోసం నాకు తెలిసింది రాస్తున్నాను. ఫీజేమీ అక్కర్లేదు. అది నేనే కట్టేశాను.

నలభై కోళ్లతో పని బాగా నడుస్తోందా? అయితే ఎందుకు బాగా నడుస్తోందో పొరపాటున కూడా ఆలోచించకండి. మా తోటలో మొదటేడు కోళ్లు పొద్దున్నే చెట్ల కిందికి పోయేవి. రాలిన ఆకు తిరగేసి చెదలు, పురుగులు ఏరుకునేవి. పండుఈగ పిల్లపురుగు కాయలోంచి దిగి మట్టిలో గూడు కట్టుకుంటుంది కదా, వాటినీ గీకి తినేవి. రెట్ట నాలుగెకరాల్లోనూ చిటికెడు చిటికెడు పడేది. సాయంత్రం గుప్పెడు నూకలు చల్లితే సరిపోయేది. అప్పుడు నేను కాగితం తీసుకుని ఆ లాభాన్ని వందతో గుణించాను. కాగితం మీద కోళ్లు వంద రెట్లయ్యాయి. చెదలు, పండుఈగలు, ఎకరాలు ఎన్ని ఉండేవో అన్నే ఉండిపోయాయి. కానీ ఆ కాగితంలో వాటికి గళ్లు గీయలేదు కాబట్టి నాకు కనపడలేదు. మీరూ గీయకండి.

గురువు లేని విద్య గుడ్డి విద్య అన్నారు. కాబట్టి ఒక గురువును పెట్టుకోండి, సముద్రం అవతలివాడైతే మరీ మంచిది. నాకు అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, షెనాండోవా లోయలో వ్యవసాయం చేసే జోయెల్ సాలటిన్ దొరికాడు. పచ్చిక మీద కోళ్లను పెంచడం గురించి 1993లోనే పుస్తకం వేసిన మనిషి. ఆయన పద్ధతిలో పది అడుగులకు పన్నెండు అడుగులు, రెండడుగుల ఎత్తు, అడుగు భాగం లేని గూడు ఉంటుంది. దాన్లో డెబ్భై అయిదు మాంసం కోళ్లు. రోజూ పొద్దున్నే గూటిని దాని పొడవున ముందుకు జరుపుతారు, కోళ్లు కొత్త గడ్డి మీదికొస్తాయి, నిన్నటి చోటికి నిన్నటి రెట్ట దక్కుతుంది. గుడ్ల కోళ్లనయితే ఆవుల మంద వెళ్లిన మూడు రోజులకు వెనకాల పంపిస్తారు. అప్పటికి పేడలో పురుగు లావెక్కుతుంది. కోళ్లు దాని కోసం పేడ కుప్పల్ని చిమ్మి పొలమంతా పరుస్తాయి.

ఈ మొత్తంలో మీరు తీసుకోవాల్సింది కోళ్లు. వదిలేయాల్సింది జరపడం. రోజూ పొద్దున్నే గూళ్లు జరపడమంటే కూలి ఎవరిస్తారు? నిజానికి జరపడం సంగతి తెలుసుకోవడానికి వర్జీనియా దాకా పోనక్కర్లేదు, మా తాత పొలంలో గొర్రెల మంద పెట్టించేటప్పుడు ఈ రాత్రి ఈ మడిలో ఉంటే రేపు రాత్రి పక్క మడిలో ఉండాలని కాపరితో గొడవపడేవాడు. ఒకేచోట వారం నిలిపితే ఆ మడిలో పైరు ఏపుగా పెరిగి పడిపోతుందని ఆయన భయం. పాతకాలపు మనిషి. ఆయనకు షెడ్డు తెలీదు.

కాబట్టి తోట నడిమధ్య సిమెంటు దిమ్మెలతో షెడ్డు వేయండి. తలుపు తీసి ఉంచితే చాలు, అది ఆరుబయట పెంపకమే. యూరప్ నిబంధనల్లో కూడా ఆరుబయటి గుడ్ల కోడి అనిపించుకోవాలంటే తలకు 4 చదరపు మీటర్లు, అంటే హెక్టారుకు 2,500 కోళ్లు, మన లెక్కన ఎకరానికి వెయ్యి. నాలుగెకరాలకు నాలుగు వేలు! అంకె అంత ముద్దుగా కుదిరాక ఎవరాగుతారు? ఒక్కటే చిక్కు, ఆ నిబంధన కోడికి చదివి వినిపించే ఏర్పాటు ఇంకా రాలేదు. గద్ద భయానికో, దాణా తొట్టి మీద ప్రేమకో, కోడి గూడు వదిలి దూరం పోదు. మా షెడ్డు చుట్టూ యాభై అడుగుల మేర గరికపోచ కూడా మిగల్లేదు. గరిక చావడమంటే రైతు బిడ్డలకు తెలుస్తుంది అదెంత పనో. తోట చివర మాత్రం గడ్డి నడుం లోతు. చూడ్డానికొచ్చిన వాళ్లను నేనెప్పుడూ ఆ చివర్నించే తీసుకొచ్చేవాణ్ణి.

ఇక దాణా. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా చేతికి పెన్ను పట్టించింది అదే. పచ్చిక కోడి పచ్చిక మీద బతుకుతుందని గట్టిగా నమ్మండి. ఆ నమ్మకం నలభై కోళ్ల దగ్గర కొంత నిజం. నాలుగు వేల దగ్గర వారానికోసారి దాణా లారీ వస్తుంటుంది, నమ్మకం చెదరనివ్వకండి. నేను లారీని రాత్రిపూట రమ్మనేవాణ్ణి.

ఒకరోజు నిద్ర పట్టక లెక్క వేశాను. కోడికి రోజుకు 100 గ్రాములు. నాలుగు వేలకు 400 కిలోలు. ఏడాదికి 146 టన్నులు. అందులో అరవై పాళ్లు మొక్కజొన్న అనుకుంటే సుమారు 88 టన్నులు. ఎకరానికి ముప్పై క్వింటాళ్లు పండినా ఇరవై తొమ్మిది ఎకరాలు కావాలి. అంటే ఎరువు కొనని నా నాలుగెకరాల పుణ్యక్షేత్రం వెనకాల, ఎక్కడో ఇరవై తొమ్మిది ఎకరాల్లో ఎవరో మొక్కజొన్నకు యూరియా గుమ్మరిస్తున్నారన్నమాట. సోయా ఇంకా లెక్కలోకి రాలేదు. ఆ యూరియా ఊరికే పోతుందా? గింజలోకి వచ్చింది, లారీ ఎక్కింది, మా తోటలో దిగింది. దాణాలో పదహారు పాళ్లు మాంసకృత్తులుంటే, అందులో ఉండే నత్రజనిలో మూడింట రెండొంతులు రెట్టలో పడుతుంది. రోజుకు దాదాపు ఏడు కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది ఇరవై కిలోల పైచిలుకు. కొంత ఘాటై గాలిలో పోతుంది, ఒప్పుకుంటాను. అయినా యూరియా మొహం చూడనని ఒట్టేసుకున్న పెద్దమనిషి, మూడు రోజులకో బస్తా చొప్పున తన తోటలో, అదీ నాలుగెకరాల్లో కాదు, షెడ్డు చుట్టూ పావెకరంలో పోసుకుంటున్నాడు.

ఈ లెక్క మీరు వేయకండి. వేసినా ఇంట్లో చెప్పకండి.

దాని ఫలితం మాత్రం ఫొటోలకు భలే ఉంటుంది. షెడ్డు దగ్గరి మామిడి చెట్లు నవనవలాడుతూ కొత్త చిగుళ్లేసుకుంటూ పోయాయి. చూసినవాళ్లంతా నేల ఎంత బలంగా ఉందో అన్నారు. మాఘమాసం వెళ్లిపోయింది, పూత రాలేదు. నత్రజని ఎక్కువైన మామిడి ఆకులు వేస్తుంది గాని పూత వేయదు. మా మేనత్త ఒకసారి తోటలోకొచ్చి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "ఒరేయ్ అబ్బాయ్, ఈ రోజుల్లో తోటలో అడుగుపెడితే పూత వాసన రావాల్రా. ఇదేం వాసన?" అంది. ఇది బలం వాసన అత్తా, అన్నాను.

జబ్బుల విషయం త్వరగా తేల్చేద్దాం. ప్రకృతిలో తిరిగే కోడికి రోగం రాదు. ఇది చాలామంది చెప్పారు, వాళ్లలో కోళ్లు పెంచేవాళ్లు తక్కువ. కొక్కెర తెగులుకు మొదటి వారంలో కంట్లో లసోటా చుక్క, నాలుగో వారంలో మళ్లీ, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్‌టూబీ సూది అని పశువుల డాక్టరుగారు రాసిస్తే ఆ చీటీ భద్రంగా దాచుకోండి. టీకా తెచ్చేటప్పుడు ఐసు పెట్టెలో పెట్టడం దండగ, మే నెల ఎండలో బండి ట్యాంకు మీద సంచిలో వేసుకుని రండి. మందు చచ్చినా చుక్క చుక్కే కదా. మెడ తిరిగిపోయి, పచ్చగా పారుతున్న కోళ్లు నాకు పదో వారంలో కనిపించాయి. నలభై ఉన్నప్పుడు ఒక్కో కోడి నడక నాకు తెలుసు, ఒకటి ముడుచుకు కూర్చుంటే సాయంత్రానికి పట్టుకునేవాణ్ణి. నాలుగు వేలున్నప్పుడు రోగం నాకంటే ముందు షెడ్డంతా తిరిగొచ్చింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు, రోగం తేలిన చోటి నుంచి కిలోమీటరు లోపలి కోళ్లన్నింటినీ తీసెయ్యాలనే నిబంధన ఎంత పెద్దదో అందరం చూశాం. కొల్లేటికొచ్చే వలస పక్షుల దారిలో తలుపులు తీసుకుని కూర్చున్న మాలాంటివాళ్లకు అప్పుడు పట్టిన చెమట గురించి ఎవరూ రాయలేదు.

అమ్మకానికి ముహూర్తం ముఖ్యం. గ్రామప్రియో వనరాజో పెట్టుకుంటే (ఈ రెండూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకాలు, నాటుకోడి వేషంలో మన సంతల్లో దర్జాగా తిరుగుతుంటాయి) పుంజులు అమ్మకానికి రావడానికి నాలుగు నెలలు వేసుకోండి. కాబట్టి ఆషాఢంలో పిల్లల్ని దించుకోండి. కార్తీకమాసానికి సరిగ్గా చేతికొస్తాయి. ఊరంతా ఉపవాసాలుండి, ఉసిరిచెట్టు కింద వనభోజనాలు చేస్తూ, కోడి పేరెత్తితే చెవులు మూసుకునే ఆ నెలలో పదిహేను వందల పుంజులతో వ్యాపారికి ఫోన్ చేసిన మజా వేరే. అతను చాలా మర్యాదస్థుడు. "సంక్రాంతి దాకా మేపండి బావగారూ" అన్నాడు. మేపాను. రెండు నెలలు, రోజుకు దాణా ఎంతో పైన లెక్క ఉంది.

గుడ్లదీ ఒక చిన్న కిటుకు. పెంకు గోధుమరంగులో ఉంటే అది పచ్చిక గుడ్డేనని కొనేవాళ్లతో చెప్పండి. పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది గాని మేతను బట్టి రాదని తెలిసినవాళ్లు తక్కువ. టీ డికాషన్లో ముంచే ఘనుల కంటే మనం నయమే.

కాపలాకు కుక్కను పెట్టండి. ముంగిసలు తగ్గుతాయి. కోళ్లు కూడా.

చివరగా, పక్కవాళ్లను చూసి నేర్చుకోకండి. మా మేనత్తకు పన్నెండు పెట్టలుండేవి. సంధ్యవేళ వాటంతటవే వచ్చి గంప కిందికి దూరేవి, మీద రాయి పెట్టేది, అయిపోయింది. "నీకు షెడ్డు వేయిస్తానత్తా, వంద చేద్దాం" అన్నాను. "నా దొడ్డి పన్నెండింటికే రా. పదమూడోది పక్కింటి దొడ్లో గీకుతుంది, దాంతో తగువు" అంది. ఆ తగువు పడలేక పొదుగుకొచ్చిన పెట్టను గుడ్లతో సహా పక్కింటికిచ్చింది, సగం పిల్లలు నాకియ్యమని. వచ్చిన సగాన్ని ఇంకో రెండిళ్లకిచ్చింది. నేను నలభై నుంచి నాలుగు వేలకు పోయి తిరిగొచ్చిన మూడేళ్లలో ఆ వీధిలో కోళ్లు లేని ఇల్లు లేకుండా పోయింది. ఏ దొడ్లోనూ పదిహేనుకు మించి లేవు. ఏ ఇంటికీ దాణా లారీ రాదు.

ఇదేం ఎదుగుదల చెప్పండి? అన్నీ ఆవిడవే అయ్యుంటే కదా లెక్క. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయానిదీ ఇదే తంతు. మహిళా సంఘాల్ని పట్టుకుని, ఒక రైతును చూపించి పక్క రైతును ఒప్పించడం. 2024లో దానికి పోర్చుగల్‌వాళ్ల గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. వాళ్ల దృష్టిలో పెరగడమంటే చేసేవాళ్లు పెరగడం, ఒక్కడి షెడ్డు పెరగడం కాదు. బహుమతి ఇచ్చినవాళ్లెవరూ మా దిమ్మెల షెడ్డు చూడ్డానికి రాలేదు.

ఆ షెడ్డులో ఇప్పుడు మామిడికాయల గంపలు పెడుతున్నాను. రెండేళ్ల తర్వాత పూత వచ్చిందిలెండి. చుట్టూ ఉన్న పావెకరంలో మాత్రం ఏం వేసినా ఎర్రగా మాడిపోయింది, ఒక్క తోటకూర తప్ప. అది ఎవరూ చల్లకుండానే మొలిచి నా భుజాల దాకా పెరిగింది. మేనత్త రోజూ పొద్దున్నే వచ్చి చేటెడు కోసుకుపోతోంది, ముదురాకు తన పెట్టలకట, లేతది పప్పులోకట. మొన్న వెళ్తూ వెళ్తూ ఒక పొదుగు పెట్టను నా గుమ్మంలో దించింది. సగం పిల్లలు తనకియ్యాలట.