డీజిల్ బండికి నూకలు చెల్లాయా?

మా బావది పదమూడేళ్ల డీజిల్ కారు. తాళం తిప్పితే వీధి వీధంతా లేస్తుంది. దాన్ని తీసేసి పెట్రోల్ బండి కొనాలా వద్దా అన్నదే ఇప్పుడు సూర్యాపేటలో మా వాళ్ల జాతీయ సమస్య.

ఆ డీజిల్ కారు కొన్నప్పుడు బావను మించిన ఆర్థికవేత్త లేడు. పెట్రోల్ ధరను 2010లోనే మార్కెట్‌కు వదిలేసిన కేంద్రం, డీజిల్‌ను 2014 అక్టోబరు దాకా పట్టుకుని కూచుంది. రైతు ట్రాక్టరు పేరు చెప్పి ఇచ్చిన రాయితీలో బావ ఏసీ కారు చల్లగా తిరిగింది. 2024 మార్చి తగ్గింపు తర్వాత హైదరాబాద్‌లో పెట్రోల్ 107.41, డీజిల్ 95.65. తేడా దాదాపు 12 రూపాయలకు దిగింది.

సూర్యాపేట మెకానిక్‌ను అడిగాడు. "ఇంజన్ ఉక్కు అన్నా! ఇంకో పదేండ్లు నడుస్తది. ఇంజెక్టర్లు, క్లచ్ ప్లేటు మారిస్తే సాలు." ఆ పదేళ్లూ మెకానిక్ ఇల్లు కూడా నడుస్తుంది.

కోదాడలో పాత బండ్ల బేరగాడు భయపెట్టాడు. "అమ్మేయండి సార్, ఢిల్లీలో ఏం జరిగిందో చూశారుగా!" అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకు బంకుల్లో నూనె పోయొద్దని 2025 జులై 1న మొదలెట్టి, మూడో రోజుకే వెనక్కి తగ్గారు. మొదలెట్టిన వార్త కోదాడ చేరింది, తగ్గిన వార్త కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర ఇరుక్కుంది. మన దగ్గర 15 ఏళ్లకు ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చని బేరగాడికి తెలుసు. బండి చేతికొచ్చాక ఇంకొకరికి "ఇంజన్ ఉక్కు" అని చెప్పేది అతనే.

మిర్యాలగూడలో రైస్ మిల్లున్న మేనమామ మాత్రం, "పెట్రోల్ బండే కొను అల్లుడా, అండ్ల మన బియ్యం కూడ ఉంటయి" అన్నాడు. అబద్ధం కాదు. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. చెరకు, మొక్కజొన్నతోపాటు నూకలూ అందులోకే. మైలేజీ కాస్త తగ్గుతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. నూకలు తిన్న బండి, భోజనం చేసిన బావలా కొంచెం మందగిస్తుందన్నమాట.

చివరికి బావ కాగితం తీశాడు. లీటరుకు డీజిల్ బండి 20, పెట్రోల్ బండి 15 కిలోమీటర్లు. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే, మారినందుకు నూనె ఖర్చే దాదాపు 24,000 పెరుగుతుంది. కిస్తీలు అదనం. లెక్క తేలింది, మార్చొద్దు.

అక్క ఆ కాగితం చూసి ఒక్కటే అడిగింది: "పిల్లను చూడొచ్చేటోళ్లు మైలేజీ అడుగుతరా?"

వారంలో తెల్ల పెట్రోల్ కారు గేటు ముందుకొచ్చింది. పర్యావరణం కోసమే కొన్నానని బావ అందరికీ చెబుతున్నాడు. డీజిల్ బండినీ అమ్మలేదు. కొత్తది నిలబెట్టడానికి, పాతది తిరగడానికి.