వయస్సు చెప్పని షెర్రీ

వైనును గూర్చి సభామర్యాదగా మాటలాడ నేర్చిన పెద్దమనుషులు సీసా చేతికందిన తోడనే, రుచి మాట అటుంచి, దాని జన్మసంవత్సరమును విచారింతురు. ఆ యేట వాన లెట్లు కురిసినవో, ఎండ లెట్లు కాచినవో ఏకరువు పెట్టిన పిమ్మటగాని గుటక వేయరు. స్పెయిను దక్షిణభాగమున, కాదిజ్ మండలమందలి హెరెజ్ పట్టణపు షెర్రీయందు నాకు గౌరవము కలుగుటకు మొదటి కారణము, అట్టి పండితుల నోటికి అది తాళము వేయుటయే.

అచ్చటి పలోమీనో ద్రాక్ష స్వతహాగా చెప్పుకొనదగిన రుచి లేనిది. దాని పెద్దరికమంతయు సహవాసముచేత వచ్చినది. మద్యసారమును నూటికి 15 పాళ్లకు పెంచి, పీపాలో ఆరవవంతు వెలితిగా విడిచినచో, ఫ్లోర్ అను తెల్లని తెట్టు పైని కట్టి, లోని వైనుకు గాలి సోకనీయక కాపాడును. ఇట్లు పెరిగినది ఫీనో: లేత గడ్డిరంగు, బాదముపప్పు వాసన, తీపి యన్నది మచ్చునకైన లేని నిష్ఠ. ఆ పాళ్లను 17కు పెంచినచో తెట్టు చచ్చును. గాలి తగిలి వైను గోధుమవన్నె దాల్చి ఒలొరోసో యగును. రెండు పాళ్ల తేడాకే స్వభావ మింతగా మారుట మనుష్యులయందును చూచుచునే యున్నాము.

ఇక వయస్సు సంగతి. పీపాలను అంతస్తులుగా పేర్చి, సొలేరా యనబడు అట్టడుగు వరుసనుండి కొంత మాత్రమే తీసి సీసాల కెత్తుదురు. ఆ వెలితిని పై వరుసనుండియు, దాని వెలితిని ఆపై వరుసనుండియు పూరింతురు. కట్టకడపట క్రొత్త వైను వచ్చి చేరును. ఏ పీపాయు పూర్తిగా ఖాళీ కాదు. కావున సీసాలోనిది ఏనాటిదని యడుగుట, మా యింటి పెరుగు ఏనాటిదని యడుగుట వంటిది. రాత్రి తోడు పెట్టినదే యని ఇల్లాలు చెప్పును; ఆ తోడు నిన్నటి పెరుగుది, నిన్నటిది మొన్నటిది; నడుమ నొకనాడు పిల్లి ముట్టినందున ప్రక్కింటి పిన్నిగారిని అడిగి తెచ్చినచో, వంశవృక్షము పరగోత్రములోనికి ప్రాకును.

1587లో ఆంగ్ల నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ కాదిజ్ రేవును కొల్లగొట్టి, 2,900 పీపాల షెర్రీని స్వదేశమునకు తరలించెనని ప్రసిద్ధి. దొంగసొత్తుతోనే ఆంగ్లేయులు ఆ రుచి మరిగిరనుట అతిశయోక్తి కావచ్చును. కాని ఉచితముగా దొరికిన వస్తువునకు ప్రచారకులు సులభముగా దొరకుదురు. తరువాతి కాలమున హెరెజ్ వర్తకశాలలు పెక్కింటికి బ్రిటిషు పేర్లు అంటుకొన్నవి.

ఫీనోను బాగుగా చల్లబరచి, ఆలివు కాయలతోనో వేపుడు చేపలతోనో సేవింపవలెను. మూత తీసిన పిమ్మట వారము లోపల ముగింపకున్నచో దాని సొగసు తరుగును. మితపానమును బోధించువారు ఈ నియమమును తమ ఉపన్యాసములలో ఎచ్చట ఇముడ్చుకొందురో నా కూహ కందదు.

1835లో మాన్యుయేల్ మరియా గొన్సాలెస్ స్థాపించిన వర్తకశాల, ఫీనోయందు ఆయన మేనమామకు గల మక్కువను పురస్కరించుకొని, తన ఫీనోకు టియో పేపే యని ఆ మామ పేరే పెట్టినది. అచ్చటి పీపాలకొట్టులో నేలపై తీపి షెర్రీ గ్లాసొకటి పెట్టి, దానికొక బుల్లి నిచ్చెన ఆనించియుంచిరి, అది ఎలుకలకొరకు. ఫీనో గ్లాసునకు మాత్రము నిచ్చెన లేదు. మేనమామగారి వాటా జోలికి ఎలుకలును పోరాదని కాబోలు.