బచీదపాకము

బ్రెజిలు దేశమున బచీద యను నొక మధురపానీయము గలదు. చెఱకురసమును పులియబెట్టి బట్టీపట్టిన కషాస యను సారాయిలో పండ్లగుజ్జును, పంచదారతో చిక్కబెట్టిన డబ్బాపాలను, మంచుముక్కలను జేర్చి మిక్సీలో త్రిప్పుటయే దీని విధానము. ఇంత సులభమగుటచేతనే దీనిని చెడగొట్టుటకు గృహస్థునకు అపారమైన అవకాశము లభించుచున్నది గనుక, ఆ కళయందు శీఘ్రముగ నిష్ణాతులు కాగోరువారికై ఈ సూచనలు.

కషాసయందు మద్యసారము నూటికి 38 మొదలు 48 పాళ్లవఱకు ఉండవలెనని అచ్చటి నిబంధన. మీరు నాసిరకపు సీసానే కొనుడు. దాని దుర్వాసనను డబ్బాపాలు కప్పిపుచ్చును, కప్పలేనిచో మఱియొక డబ్బా ఒలికింపుడు. సావుపాలో రాష్ట్రమందలి అరారస్ పట్టణమున 1921లో నెస్లేవారు కర్మాగారము నెలకొల్పిన పిదప ఆ దేశపు మిఠాయిలలో ఈ పాలు చొరబడనిది అరుదైపోయినది కావున, ఇందు మితము పాటించుట ఆతిథేయదేశమునకు అపచారమని భావింపుడు.

ఇక పండు. మరకుజాను, అనగా పాషన్ ఫ్రూటును, ఎన్నుకొన్నచో, గుజ్జును క్షణమాత్రము ఆపి ఆపి త్రిప్పి వడగట్టినయెడల గింజలు నలుగక రసము మాత్రమే దిగునని అనుభవజ్ఞులందురు. వారి మాట వినవలదు. మీటమీది వ్రేలు తీయక, ఇరుగుపొరుగులు కిటికీలు తెఱచి చూచువఱకు త్రిప్పుడు; నలిగిన నల్లగింజలు పంటిక్రింద గరగరలాడుచు అతిథులకు సంభాషణవిషయము నొసగును. నిమ్మకాయనైతే తొక్కతోనే వేయుడు. చేదెక్కునా? డబ్బాపాలున్నవి గదా!

ఈశాన్య బ్రెజిలున జీడిమామిడిపండ్లతోను దీనిని జేయుదురు. ఆ చెట్టుకు పుట్టినిల్లదియే. పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారు దానిని మన దేశమునకు దెచ్చిరి. పలాస ప్రాంతమున గింజను భద్రముగ గైకొని పండును చాలవఱకు నేలపాలు సేయుచున్న మనకు, ఈ రకమును పాడుసేయుటలో వేఱొకరి ఉపదేశ మక్కఱలేదు.

కొబ్బరిపాలతో జేయునదియే నా దృష్టిలో ఉత్తమోత్తమము, అపాయకరమునైనది. ఏలయన గాఢమైన ఆ తీపిచాటున సారాయి యున్నదన్న సంగతి నాలుకకు అందనే అందదు, త్రాగువానికి పండుగనాటి పాయసమే స్ఫురించును. దీనిని చిన్నగ్లాసులలో కొలదికొలదిగ ఇచ్చుట వివేకుల పద్ధతి. మీరు మాత్రము అటకమీది మజ్జిగలోటాలను దింపి, అంచువఱకు నింపి, “ఇది పండ్లరసమువంటిదేనండీ, మొగమాటపడకుడు” అని బలవంతపెట్టుడు. రెండవ లోటా ముగించి లేవబోయినప్పుడు అతిథిగారికి మిగిలిన వివరములను ఆయన మోకాళ్లే విన్నవించుకొనును.