752 మంది పట్టే కుర్చీ

పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం అడగడానికి మనవాళ్లకు ఏ చట్టమూ అక్కర్లేదు. కంపెనీ పెద్దల జీతం ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లని అడగడానికి మాత్రం 2013 కంపెనీల చట్టం రావాల్సి వచ్చింది. అందులోని 197వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీలు తమ డైరెక్టర్ల జీతాన్ని మధ్యస్థ ఉద్యోగి జీతంతో పోల్చి ఏటా చెప్పితీరాలి. జీతాల వరుసలో అందరినీ నిలబెడితే సరిగ్గా నడిమిన తేలేవాడే మధ్యస్థుడు.

2024-25లో ఇన్ఫోసిస్ సీఈఓ సలీల్ పరేఖ్ ఆదాయం 80.62 కోట్లు. అంటే మధ్యస్థుడికి 752 రెట్లు. అందులో సగానికి పైగా షేర్ల రూపంలో వచ్చిందే. షేరైనా నోటైనా లెక్క లెక్కే. ఆయన ఒక్క ఏడాది సంపాదన అందుకోవాలంటే మన మధ్యస్థుడు ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్నప్పుడు ఉద్యోగంలో చేరి, నేటిదాకా రూపాయి ఖర్చుపెట్టకుండా పనిచేస్తూ ఉండాలి. ఏడాదికి 3.6 లక్షలతో చేరే ఫ్రెషరైతే అశోకుడు పోయిన కొన్నేళ్లకే బ్రాహ్మీ లిపిలో ఆఫర్ లెటర్ అందుకుని ఉండాలి, అదీ ఆన్‌బోర్డింగ్ వాయిదా పడకపోతేనే.

'బాధ్యత ఎక్కువండీ' అంటారు. నిజమే. అనలిస్టు ఆదివారం రాత్రంతా ఎక్సెల్‌తో కుస్తీ పట్టి, 'వచ్చే మూడు నెలలు అమ్మకాలు తగ్గుతాయి' అని తేలుస్తాడు. సోమవారం పొద్దున పెద్దాయన ఆ స్లైడు చూసి, 'దీన్ని వ్యూహాత్మకంగా ఆలోచించాలి' అంటాడు. మొదటి వాక్యానికి నెలజీతం, రెండో వాక్యానికి షేర్లు. మొదటిది తప్పయితే అనలిస్టుకు పీఐపీ, అంటే 'పనితీరు మార్చుకో' అన్న హెచ్చరిక. రెండోది తప్పయితే మార్కెట్ పరిస్థితులు.

ఆ మార్కెట్ కూడా మనిషిని చూసి మసులుకుంటుంది. ఫ్రెషర్ జీతం పదేళ్లుగా పెద్దగా కదల్లేదేమని అడిగితే 'మార్కెట్ రేటు ఇంతే' అంటారు. సీఈఓ జీతం ఎందుకు పెరిగిందంటే అదీ మార్కెట్ రేటే! ఈ రెండో రేటు తేల్చే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. సాటి కంపెనీల సీఈఓల జీతాలన్నీ ఒక పట్టికలో వేస్తారు. మనవాడు సగటుకు తక్కువంటే ఏ బోర్డుకైనా నామర్దా, కనక కాస్త పైన కూర్చోబెడతారు. ప్రతి బోర్డూ ఇదే పని చేస్తే సగటు ఏటా మెట్టెక్కుతూ పోతుంది. అందరూ సగటుకు పైనే ఉంటారని డిగ్రీ ఫస్టియర్ స్టాటిస్టిక్స్ కుర్రాడు రాస్తే సున్నా పడుతుంది. బోర్డు రాస్తే తీర్మానం అవుతుంది.

ఇంతకీ ఆ పట్టిక వేసేదీ, ఆ మధ్యస్థుణ్ణి వెతికిపెట్టేదీ ఎవరనుకున్నారు? అనలిస్టే. వరుస పేర్చి చూస్తే నడిమిన తన పేరే తగిలినా ఆశ్చర్యం లేదు. అయినా వృత్తిధర్మం తప్పక, 752ను ఎర్ర గడిలో పెట్టి పైకి పంపుతాడు. పైనుంచి జవాబు వెంటనే వస్తుంది: 'చక్కగా చేశారు. నిరుటికంటే పెరిగింది కదా, ఎరుపెందుకు? పచ్చరంగు వేయండి.'