పురుగుకు యూటిలైజేషన్ సర్టిఫికెట్

మిరప తోటకు ఆర్థిక సంవత్సరం లేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటితే సంక్రాంతి దాటాక మొదటి కోతకు వస్తుంది. ఆ తర్వాత రెండో కోత. కాలం కలిసొస్తే ఏప్రిల్‌లో కూడా నాలుగు కాయలిస్తుంది. పత్తీ అంతే, దసరా దాటి తీతలు మొదలయ్యాయంటే ఆగమన్నా ఆగదు. ఈ రెండు పంటలకూ పట్టని పండగ ఒకటి, గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్ల మీద పరిశోధన చేసే ఆచార్యులకు మాత్రం తప్పదు. మార్చి 31. ఆ రోజు పగలు ఉపవాసం, రాత్రి జాగారం. పూజలందుకునే దేవుడి పేరు పీఎఫ్‌ఎంఎస్. ఢిల్లీలో బయల్దేరిన పైసా ఎవరి ఖాతాలో పడిందో కనిపెట్టి చూసే పోర్టల్. కొత్తగా వచ్చిన జీరో బ్యాలెన్స్ ఖాతాల పద్ధతిలో ఆ అర్ధరాత్రికి ఖర్చు కాని డబ్బు మురిగిపోతుంది. తోటలో కాయ సరిగ్గా అప్పుడే ఎర్రబడుతుంటుంది.

ఈ గడ్డ మీద పురుగులకూ కొదవ లేదు, వాటి వెంట పడే శాస్త్రవేత్తలకూ కొదవ లేదు. లాం పరిశోధన కేంద్రం 1922 నాటిది. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో పెట్టారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం కేంద్ర కార్యాలయం కూడా ఇప్పుడు లాంలోనే ఉంది. నేను చెప్పబోయే ఆచార్యులు మాత్రం వీటిలో ఎక్కడా ఉద్యోగం చేయరు. కాలమ్ కోసం నేనే నియమించుకున్నాను. పోస్టు మంజూరు కాలేదు కాబట్టి జీతం కూడా అడగరు.

1987 సీజన్లో తెల్లదోమ పత్తిని ఊడ్చేస్తే, దానికోసం కొన్న మందు రైతులే తాగిన ప్రాంతం ఇది. ఆ సంగతి మీద నేను హాస్యమాడను. 2021లో మిరప మీదికి నల్ల తామర పురుగు దిగింది. పూలల్లో దూరి రసం పీల్చింది, పూత రాలిపోయింది, చూస్తూ చూస్తూ తోటలు దున్నేశారు. మా ఆచార్యులు ఆ డిసెంబరులోనే ప్రాజెక్టు రాసి ఢిల్లీకి పంపారనుకోండి. పరిశీలన, ప్రజెంటేషన్, సవరణ, మళ్లీ పరిశీలన. మంజూరు ఉత్తర్వు వచ్చేసరికి పంటలు రెండు మారాయి. మొదటి విడత డబ్బు జనవరిలో పడింది. మూడేళ్ల ప్రాజెక్టులో మొదటి ఏడాదికి మిగిలిన ఆయుష్షు రెండున్నర నెలలు. ఈలోగా పురుగు మునిమనవళ్లను ఎత్తుకుంది.

డబ్బు పడ్డాక అసలు పరిశోధన మొదలైంది. కాయలు ఆరబోయడానికి టార్పాలిన్ పట్టలు కావాలని ఆచార్యులు ఇండెంట్ పెట్టారు. ఫైనాన్స్ సెక్షన్ సూపరింటెండెంటు గారు కళ్లజోడు సవరించుకున్నారు.

"పట్ట ఏ హెడ్డు సార్? ఎక్విప్‌మెంటా, కన్స్యూమబులా?"

"పట్టేనండీ. కాయలారబోస్తాం."

"వాడితే అరిగిపోతుందా?"

"జాగ్రత్తగా వాడితే రెండేళ్లొస్తుంది."

"రెండేళ్లొస్తే స్టాక్ రిజిస్టరుకెక్కాలి. ఎక్కితే ఎక్విప్‌మెంటు. ఎక్విప్‌మెంటు కింద మీకు మంజూరైంది మైక్రోస్కోపు ఒక్కటే."

"పోనీ, ఏడాదికే చిరిగిపోతుందని రాసుకోండి."

"నాసిరకం సరుకు ఎందుకు కొన్నారని ఆడిట్‌లో పేరా పడుతుంది సార్."

ఒక హెడ్డు నుంచి ఇంకో హెడ్డుకు డబ్బు మార్చాలంటే ఢిల్లీ అనుమతి కావాలి. ఉత్తరం వెళ్లింది. కాయలు ఆగవు కాబట్టి రోడ్డు మీద ఆరబోశారు. ఆ హెడ్డు రోడ్లు, భవనాల శాఖ వారిది.

సూపరింటెండెంటు గారిని తిట్టుకోకండి. ఆచార్యులు తప్పు చేస్తే ప్రాజెక్టు ఆగుతుంది, ఆయన తప్పు చేస్తే పెన్షన్ ఆగుతుంది. పాతికేళ్ల సర్వీసులో ఆయనకు "ఇది చేయొచ్చు" అని నేర్పినవాడు లేడు, "ఎందుకు చేశావు" అని అడిగినవాళ్లే అందరూ. పట్ట మీద ఆయన వేసిన ప్రశ్నలన్నీ రేపు ఆడిటర్ ఆయన్ని అడగబోయేవే. పాపం, ముందుగా ప్రాక్టీసు చేసుకుంటున్నారు.

కోతలకు ఆదోని, ఆలూరు వైపు నుంచి పిల్లాజెల్లాతో ముఠాలు దిగుతాయి. లెక్క తేలగానే కూలి చేతిలో పడాలి. పీఎఫ్‌ఎంఎస్‌లో చెల్లించాలంటే ఒక్కొక్కరినీ బ్యాంకు ఖాతాతో సహా నమోదు చేయాలి. ఆచార్యులు ఆ మాటే మేస్త్రీకి వివరించారు. "కాయ కొయ్యమంటావా సారూ, ఫారాలు నింపమంటావా?" అన్నాడు మేస్త్రీ. రెండూ ఒకే కూలికి కుదరవని తేల్చాడు. ఆచార్యులు సొంత జేబులోంచి ఇచ్చి, వేలిముద్రలు తీసుకుని, ఐదు వేలు దాటిన చోట రూపాయి రెవెన్యూ స్టాంపు కూడా అంటించి రీయింబర్స్‌మెంటుకు పెట్టుకున్నారు. ఫైనాన్స్ సెక్షన్ వారు ఫైలు మీద రెండు ముక్కలు రాసి తిప్పి పంపారు: "ముందస్తు అనుమతి జతపరచలేదు."

తామర పురుగుల్ని పట్టడానికి నీలి రంగు జిగురు అట్టలు కావాలి. చిలకలూరిపేటలో ఏ పురుగు మందుల కొట్టుకెళ్లినా మధ్యాహ్నానికి దొరుకుతాయి. దొరకడమే చిక్కు. ప్రభుత్వ డబ్బుతో కొనే సరుకు ముందు జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్లో వెతకాలి. కీటక శాస్త్రంలో పీహెచ్‌డీ చేద్దామని జేఆర్‌ఎఫ్‌గా (జూనియర్ రీసెర్చ్ ఫెలో) చేరిన అమ్మాయి వెతికింది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37 వేలు. ఆ అమ్మాయికి అవి కూడా రావడం లేదనుకోండి, ఎందుకంటే రెండో విడత రావాలంటే మొదటి విడతకు యూటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే యూసీ, వెళ్లాలి. జీఎఫ్‌ఆర్ (కేంద్రం సాధారణ ఆర్థిక నియమావళి) 12-ఏ ఫారం మీద ఆచార్యులు, ఫైనాన్స్ అధికారి, రిజిస్ట్రారు, ముగ్గురూ సంతకం పెట్టాలి. ఒకరు సెలవులో, ఒకరు కోర్టు పనిలో, ఒకరు ఇన్‌ఛార్జి. ఇప్పుడా అమ్మాయికి పురుగు ఆడదో మగదో చెప్పడం ఇంకా తడబాటే గానీ, యూసీలో క్లోజింగ్ బ్యాలెన్స్, ఖర్చుల పట్టికలో క్లోజింగ్ బ్యాలెన్స్ రూపాయి తేడా ఉంటే ఎక్కడ పోయిందో నిద్రలో కూడా చెప్పగలదు.

వడ్డీ సంగతి చెబితే మిర్చి యార్డులో ఎవరూ నమ్మరు. గ్రాంటు డబ్బు బ్యాంకులో ఉన్నన్నాళ్లూ పుట్టిన వడ్డీని మళ్లీ కేంద్ర సంచిత నిధికి కట్టాలని జీఎఫ్‌ఆర్ 230వ నియమం. ఆలస్యంగా పంపినవాడిది తప్పు, ఖర్చు పెట్టనివ్వనివాడిది తప్పు, వడ్డీ మాత్రం ఢిల్లీది. యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాకు జీఎఫ్‌ఆర్ తెలియదు. విత్తనానికింత, మందులకింత, కోతలకింత అని పద్దు రాసుకుంటాడు. టిక్కీ బస్తాలు యార్డుకొచ్చాక అసలు, వడ్డీ, కమీషన్ కోసుకుని మిగిలింది చేతిలో పెడతాడు. అందులో అన్యాయం ఎంతుందో ప్రతి రైతుకూ తెలుసు. కానీ పురుగు కనపడిన రోజు సాయంత్రానికి మందు డబ్బులు ఇచ్చేది ఆయనే. యూసీ అడగడు. కాయే యూసీ.

ఆచార్యులను కూడా కాస్త కడిగేద్దాం. లెక్కలంటే వీరికి చిన్నచూపు. బడ్జెట్ కాగితం పోయిన ప్రాజెక్టు నుంచి కాపీ కొట్టి సంవత్సరాలు మారుస్తారు. పట్టలు, కూలి, జిగురు అట్టలు రాయాలని తట్టదు గానీ ల్యాప్‌టాప్, ప్రింటరు మాత్రం ఏ ప్రాజెక్టులోనూ మరిచిపోరు. ఆటో రసీదులు చొక్కా జేబులో పెట్టి ఉతుకుడికేస్తారు. ఫిబ్రవరి దాకా నిద్రపోయి, మార్చి 20 తర్వాత ఉన్న రసాయన సీసాలన్నీ కొనేస్తారు. ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో ఖర్చు ఎగబడితే అది ఆర్థిక మర్యాదను ఉల్లంఘించడమేనని జీఎఫ్‌ఆర్ 62వ నియమం. జనవరిలో డబ్బు పంపి మార్చిలో ఎగబడొద్దనడం ఏం మర్యాదో ఆ నియమంలో లేదు.

ఢిల్లీ ఏమీ చేయలేదనకూడదు. పరిశోధన గ్రాంట్ల మీద కూడా జీఎస్టీ కట్టాలని 2024లో ఐఐటీ ఢిల్లీ వంటి సంస్థలకు నోటీసులిచ్చి, గగ్గోలు పుట్టాక, ఆ సెప్టెంబరు 9న జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని మినహాయింపు ఇచ్చింది. ముందు వాత పెట్టి తర్వాత వెన్న రాశారు. 2025 జూన్‌లో శాస్త్ర సంస్థలకు కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలకు పెంచారు, జెమ్ బయట కొనడానికి సంస్థ అధిపతికి అధికారమిచ్చారు. మంచిదే. ఆ ఉత్తర్వు కాపీ చూపిస్తే సూపరింటెండెంటు గారు ఆసాంతం చదివి, "ఇది మనకు వర్తిస్తుందా అని క్లారిఫికేషన్ అడుగుదాం సార్" అన్నారు.

అమెరికాలో మన పిల్లలు పనిచేసే విశ్వవిద్యాలయాల్లో గ్రాంటు లెక్కలు చూడటానికే మనుషులుంటారు. ప్రొఫెసరు బడ్జెట్ వేసేనాడే పక్కన కూర్చుని "కూలి ఏదండీ, పట్ట ఏదండీ" అని అడిగేది వాళ్లే. ఆ జీతాలూ కరెంటు బిల్లులూ పరోక్ష వ్యయం పేరుతో గ్రాంటు ఇచ్చినవాడి దగ్గరే రాబడతారు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఆ రేటు 50 శాతం పైమాటే. 2025 ఫిబ్రవరిలో అక్కడి ఆరోగ్య పరిశోధనలకు గ్రాంట్లిచ్చే ఎన్‌ఐహెచ్ అందరికీ 15 శాతమేనంటే, కోర్టుకెక్కి ఆపించుకున్నారు. మన దగ్గరా ఓవర్‌హెడ్ అని ఒక హెడ్డుంది. కరెంటుకు, నీళ్లకు, లెక్కలు చూసిపెట్టడానికి అని విశ్వవిద్యాలయం ప్రతి ప్రాజెక్టు నుంచి తీసుకుంటుంది. మా ఆచార్యుల విశ్వవిద్యాలయంలో దానితో మెయిన్ గేటుకు రంగులేశారు. గేటు చాలా బాగుంది. లెక్కలు చూసిపెట్టడం ఇంకా జేఆర్‌ఎఫ్ అమ్మాయి పనే.

అందుకని ఆచార్యుల తరఫున ఈ ప్రకటన నేనే వేస్తున్నాను.

కావలెను: గ్రాంటు గుమాస్తా, ఒకరు. జీఎఫ్‌ఆర్ చదివినవారై, పత్తి చేనూ మిరప తోటా ఒక్కసారైనా లోపలికి దిగి చూసినవారై ఉండాలి. "కుదరదు" అనేముందు "ఎలా కుదురుతుంది" అని ఆలోచించే అలవాటున్నవారికి ప్రాధాన్యం. బడ్జెట్ రాసేనాడే ఆచార్యుల పక్కన కూర్చోవాలి, మార్చి 31 రాత్రి కాదు. యూసీ మీద మూడు సంతకాలు ఒకే రోజు పెట్టించగలిగితే స్పెషల్ ఇంక్రిమెంటు. జీతం ఓవర్‌హెడ్ నుంచి చెల్లించబడును. అది ఎక్కడుందో కనిపెట్టడం మొదటి నెల పని.